లేహ్ వెళ్ళే ముందు మీ గరువులో ఒక కందిమొక్క పీకి చూడు

నీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఊరు చీపురుపల్లి పక్క పల్లె, బోటనీలో ఎమ్మెస్సీ అయింది, జూన్‌లో లద్దాఖ్‌లో ఒక ప్రాజెక్టులో చేరాలి. వాన పడని ఎత్తైన నేలల్లో మొక్కల వేళ్ళతో కలిసి బతికే శిలీంధ్రాలు ఎన్ని రకాలున్నాయో చూడటం పని. ఎన్ని శాంపిల్స్ తీయాలి, వాటి విత్తనాల్లాంటి స్పోర్లు లెక్కపెడితే చాలా లేక డీఎన్‌ఏ చేయించాలా, ఈ అయిదు నెలలూ ఇంటి దగ్గర కూర్చుని ఏం నేర్చుకోవచ్చు అని అడిగావు. నేను విజయనగరంలో ముప్ఫై ఏళ్ళు బోటనీ చెప్పాను. అందులో ఇరవై ఏళ్ళు వేళ్ళకు రంగు వేసి మైక్రోస్కోపు కింద చూడటంతోనే గడిచిపోయాయి. లద్దాఖ్ రెండు వేసవులు వెళ్ళొచ్చాను. నువ్వు అంటున్నాను, ఏమనుకోకు, మా పెద్దమ్మాయి కంటే చిన్నదానివే అయ్యుంటావు.

మొదట "పొడినేల" అన్న మాట దగ్గరే చాలామంది తడబడతారు. ఏప్రిల్‌లో చీపురుపల్లి, గరివిడి వైపు గరువులు, అంటే మెట్టభూములు, చూస్తే ఇంతకంటే ఎండిన నేల ఉంటుందా అనిపిస్తుంది. మాంగనీసు గనుల దిబ్బల మీద గడ్డి కూడా మాడిపోతుంది. కానీ మనది ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు దాటి వాన పడే చోటు. కొన్ని నెలలు ఎండటం వేరు, ఏడాది పొడుగునా తడి లేకపోవటం వేరు. లేహ్ 3500 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ ఏడాది మొత్తానికి పడేది సుమారు 100 మిల్లీమీటర్లు. మనకు అక్టోబరు తుఫానులో ఒక్క రాత్రి కురిసే వాన అది. కొండమీద మంచు కరిగి కాలవల్లోకి దిగితేనే అక్కడ బార్లీ పండుతుంది. ఎత్తు సంగతీ అంతే. మందస దగ్గర సరిహద్దుకు అవతల కనిపించే మహేంద్రగిరి 1501 మీటర్లు, మనకదే ఆకాశం. అక్కడ ఊళ్ళే దానికి రెట్టింపు ఎత్తున ఉంటాయి. కాబట్టి మన గరువులో దొరికిన ఫలితాన్ని అక్కడికి అంటించలేవు. చేతిపని మాత్రం రెండు చోట్లా ఒకటే. ఆ చేతిపని ఇక్కడే నేర్చుకో, ఖర్చు తక్కువ, తప్పు చేసినా మళ్ళీ మొక్క పీక్కోవచ్చు.

మట్టిలో తేడా కూడా మనసులో పెట్టుకో. మన ఎర్రనేలల్లో భాస్వరాన్ని ఇనుము, అల్యూమినియం పట్టేసుకుంటాయి. అక్కడి ఇసుకనేలల్లో క్షారం, సున్నం ఎక్కువ, భాస్వరం కాల్షియంతో ముడిపడి ఉంటుంది. ఎలా చూసినా మొక్కకి అదే బాధ. మట్టిలో ఉంది, అందదు. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నదాన్ని తొందరగా లాగేసుకుంటుంది, తర్వాత ఖాళీ. శిలీంధ్రం, అదే ఫంగస్, దాని దారం వేరు వెంట్రుక కంటే సన్నం, అది ఆ ఖాళీ దాటి సెంటీమీటర్ల దూరం పోయి తెచ్చిపెడుతుంది. బదులుగా మొక్క చక్కెర, కొవ్వు ఇస్తుంది. ఈ పొత్తుకి 1885లో జర్మనీ శాస్త్రవేత్త ఫ్రాంక్ మైకోరైజా అని పేరు పెట్టాడు. పొత్తు మాత్రం చాలా పాతది. స్కాట్లాండ్‌లోని రైనీ అనే చోట రాయిగా మారిన 40 కోట్ల ఏళ్ళ నాటి మొక్కల్లో కూడా ఈ ఫంగస్ కనబడింది. మన వ్యవసాయ శాఖ వాళ్ళు "వామ్" అని ప్యాకెట్లలో ఇచ్చేది ఈ కుటుంబమే. ఇప్పుడు ఆర్బస్క్యులర్ మైకోరైజా, పొట్టిగా ఏఎం అంటున్నారు.

ఇక అసలు విషయం. నేను నీకు చెప్పదలుచుకున్నది ఒక్కటే, మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే. కళింగపట్నంలో ఏ జాలరినడిగినా చెబుతాడు, వల కన్ను ఎంతుంటే ఆ చేపే పడుతుందని. "ఈ నేలలో ఇన్ని రకాల శిలీంధ్రాలున్నాయి" అని నువ్వు రాసే ప్రతి అంకె వెనకాల ఒక వల ఉంటుంది. రంగు వేసి చూడటం ఒక వల, స్పోర్లు ఏరటం ఒక వల, డీఎన్‌ఏ ఒక వల. ఒకే వేరు ముక్కకి మూడూ మూడు రకాల జవాబులు ఇస్తాయి. ఏది నిజం అని నా దగ్గరికొచ్చిన ప్రతి విద్యార్థీ అడిగాడు. మూడూ నిజమే. నీ వల ఏదో రాయకుండా అంకె ఒక్కటే రాస్తేనే అబద్ధం అవుతుంది.

మొదటి వలతో మొదలుపెట్టు. సంక్రాంతి వెళ్ళింది కదా, మీ గరువులో కంది ఇంకా కోయకుండా ఉండే ఉంటుంది. ఒక మొక్క పట్టుకుని ఊడపెరక్కు, సన్నవేళ్ళన్నీ మట్టిలోనే తెగిపోతాయి, మనకు కావలసినవి అవే. గునపంతో జానెడు దూరంలో చుట్టూ తవ్వి గడ్డతో సహా లేపు. బకెట్ నీళ్ళలో నానబెట్టి మెల్లగా కడుగు. కాండం నుంచి పట్టుకుని వేరు వెంబడి దిగుతూ సన్నవేళ్ళ దాకా వెళ్ళు. ఇది అలవాటు చేసుకో, ఎందుకో చెబుతాను. చాలామంది మట్టి జల్లించి అందులో దొరికిన వేళ్ళు తీసేసుకుంటారు. అది కందిదో, పక్కనున్న గరికదో ఎవరికి తెలుసు? లద్దాఖ్‌లో తుప్పల కింద రకరకాల గడ్డి పెనవేసుకుని ఉంటుంది. కాండానికి అతుక్కున్న వేరే ఆ మొక్క వేరు.

రంగు వేయటానికి పాత పద్ధతి 1970లో ఫిలిప్స్, హేమన్ అనే ఇద్దరు రాసింది. ట్రిపాన్ బ్లూ వాడతారు. అది ఒంటికి మంచిది కాదు, ఇంట్లో వద్దు. 1998లో ఫీర్‌హైలిగ్ అనే ఆయన, తోటివాళ్ళు సిరా, వెనిగర్‌తో పని జరుగుతుందని చూపించారు. నాకు అప్పటి నుంచి అదే. సెంటీమీటరు ముక్కలుగా కోసిన వేళ్ళని పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేడినీళ్ళ గిన్నెలో పెట్టి ఉడికించాలి. ఇది కాలేజీ ల్యాబులోనే చెయ్యి, వంటింట్లో చెయ్యకు, కంటికి అద్దాలు పెట్టుకో. కంది, చోడి (రాగి) వేళ్ళకి ఇరవై ముప్ఫై నిమిషాలు చాలు. జీడిమామిడి వేరు అయితే గంట ఉడికినా నల్లగానే ఉంటుంది, దానికి కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి తెల్లబరచాలి. ఎంత ఉడకాలో గడియారం చెప్పదు. ముక్కని రెండు చేతివేళ్ళ మధ్య పెట్టి మెల్లగా నొక్కితే ఉడికిన కందిపప్పు బద్దలా అణగాలి, చితికిపోకూడదు. తర్వాత బాగా కడిగి, ఒక శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కాసేపు ఉంచు. తెల్ల వెనిగర్ నూరు మిల్లీలీటర్లకి నల్ల సిరా అయిదు మిల్లీలీటర్లు కలిపి అందులో మూడు నిమిషాలు మరిగించు. చివర్లో రెండు చుక్కలు వెనిగర్ వేసిన మంచినీళ్ళలో ఇరవై నిమిషాలు వదిలెయ్, ఎక్కువైన సిరా పోతుంది. అన్ని సిరాలూ పట్టవు. విజయనగరం గంటస్తంభం దగ్గర దుకాణాల్లో దొరికిన నాలుగు రకాలు ప్రయత్నిస్తే నాకు ఒకటే నిలిచింది, మిగతావి కడిగితే పోయాయి. నువ్వూ రెండు మూడు కొని చూసుకో.

ఇప్పుడు మైక్రోస్కోపు కింద పెట్టు. మొదటిసారి ఏమీ అర్థం కాదు, గీతలు గీతలుగా ఉంటుంది. ఓపిక పట్టి ఫోకస్ మెల్లగా పైకీ కిందికీ తిప్పు. వేరు పొడుగునా గోడల మధ్యగా పోతున్న, సిరా రంగు పట్టిన దారాలు కనబడతాయి, వాటికి అడ్డగోడలు దాదాపు ఉండవు. కొన్నిచోట్ల దారం చివర నూనె నిండిన బుడగలు ఉంటాయి, అవి వెసికిల్స్. ఇంకా లోపలికి చూస్తే ఒక్కో కణంలో ఒక్కో చిన్న చెట్టు. కాండం ఒకటి లోపలికి దూరి రెండుగా, నాలుగుగా చీలి కణం నిండా పొదలా అల్లుకుని ఉంటుంది. అదే ఆర్బస్క్యూల్, ఇచ్చిపుచ్చుకోవటం జరిగే చోటు. అది కొన్ని రోజులే బతుకుతుంది. చెట్టు ముదిరి ముద్దగా అయిపోయినవీ కనబడతాయి, వాటినీ గుర్తుపట్టటం నేర్చుకో.

ఆ పక్కనే గోధుమరంగు దారాలు కనబడితే సంతోషించు. వాటికి రంగు వేయక్కర్లేదు, వాటి గోడల్లోనే మెలనిన్ ఉంటుంది. అడ్డగోడలు స్పష్టంగా ఉంటాయి. అక్కడక్కడ కణం నిండా ఆవాలు కుక్కినట్టు ముదురు గింజలు ఉంటాయి, అవి మైక్రోస్క్లెరోషియా. వీటిని డార్క్ సెప్టేట్ ఎండోఫైట్లు అంటారు, డీఎస్ఈ అని రాస్తారు. లద్దాఖ్‌లో నీకు ఎక్కువగా ఎదురయ్యేది వీళ్ళే. పొడినేలల్లో, చలి కొండల మీద వీటి జోరు ఎక్కువ. ఎత్తు పెరిగేకొద్దీ ఏఎం తగ్గి ఇవి పెరగటం ప్రపంచంలో చాలాచోట్ల చూశారు. ఇవి మొక్కకి మేలు చేస్తాయా, ఊరికే కాపురం ఉంటాయా అన్నది మొక్కని బట్టి, నేలని బట్టి మారుతుంది. అందుకని "ఉపయోగకరమైన శిలీంధ్రం" అని అన్నిటినీ ఒకే గాటన కట్టి రాయకు. లెక్కపెట్టేటప్పుడు ఏఎం ఒక వరుస, డీఎస్ఈ ఒక వరుస వేరుగా పెట్టు. 200 రెట్ల దగ్గర, మైక్రోస్కోపు కంటిగాజులోని గీత వేరుని అడ్డంగా దాటే చోట్లు స్లైడుకి కనీసం నూరు చూడాలి. ఇంకో మాట, స్లైడు మీద ఊరి పేరు రాయకు, నంబరే రాయి, ఆ నంబరు కూడా వేరేవాళ్ళ చేత రాయించు. ఏది ఎక్కడి వేరో తెలిస్తే కన్ను మొగ్గు చూపుతుంది. నా కన్ను చూపింది కాబట్టి చెబుతున్నా.

అన్ని మొక్కల్లోనూ ఇవి ఉంటాయనుకోకు. నేను కొత్తలో ఊళ్ళో పెరడంతా తిరిగి వేళ్ళు తెచ్చాను. వాటిలో తోటకూర వేరు మీద రెండు రోజులు కూర్చున్నాను, ఒక్క ఆర్బస్క్యూల్ లేదు. ఉడకలేదేమో, రంగు పట్టలేదేమో అని మళ్ళీ మళ్ళీ చేశాను. మా గైడుగారు వచ్చి చూసి, "ముందు ఆ మొక్క ఏ కుటుంబమో చూసుకోవద్దా అమ్మా" అని నవ్వారు. తోటకూర కుటుంబం, ఆవాలు ముల్లంగి కుటుంబం, తుంగ కుటుంబం ఈ పొత్తుకి చాలావరకు దూరం. ఇది లద్దాఖ్‌లో పెద్ద సంగతి, ఎందుకంటే అలాంటి చలి ఎడారుల్లో ఈ కుటుంబాల మొక్కలు బాగా ఉంటాయి. ఒక వాలు మీద ఏఎం తక్కువ కనిపిస్తే ఎత్తు వల్లనో చలి వల్లనో అనుకునే ముందు, అక్కడ మొక్కలే మారిపోయాయేమో చూడు. అన్ని చోట్లా దొరికే ఒకే మొక్కని ఎంచుకుంటే ఈ తగాదా ఉండదు. ఇటు సరుగుడు, అటు లద్దాఖ్‌లో సీబక్‌థార్న్ అనే ముళ్ళపొద లాంటివి మళ్ళీ ఇంకో కథ. వాటి వేళ్ళలో నత్రజని పట్టే ఫ్రాంకియా అనే బాక్టీరియా బొడిపెలు కూడా ఉంటాయి. లేహ్ చుట్టూ కాలవగట్ల మీద విల్లో, పాప్లర్ చెట్లున్నాయి, వాటికి ఏఎంతో పాటు ఎక్టో అనే ఇంకో రకం మైకోరైజా కూడా పడుతుంది. వేరు కొసల మీద తొడుగులా కనిపిస్తే అది ఎక్టో రకం, గుర్తుపెట్టుకో.

ఎన్ని శాంపిల్స్ అన్నదానికి వస్తాను. నా మొదటి పనిలో పాచిపెంట, సాలూరు కొండవార ఆరు ఊళ్ళు తిరిగాను. ఒక్కో ఊళ్ళో పది చోట్ల చోడిచేల మట్టి తీసి, పదీ ఒక గోనెసంచిలో పోసి కలిపేశాను, మోత తగ్గుతుందని. తర్వాత ల్యాబులో ఆ సంచిలోంచి పదిసార్లు తీసి పదిసార్లు లెక్కపెట్టి, ఊరికి పది రీడింగులు అని రాశాను. పరీక్షకు వచ్చిన పెద్దాయన ఒకటే అడిగారు, "ఊరికి ఎన్ని శాంపిల్స్?" పది అన్నాను. "ఒకటమ్మా" అన్నారు. ఒక్క కుండలో అన్నం పదిసార్లు వడ్డిస్తే పది కుండలు అవవు కదా. నాలుగు నెలల పని ఆ ఒక్క ప్రశ్నతో సగం అయింది.

కొండల మీద ఇదే తప్పు ఇంకో రూపంలో వస్తుంది. ఒక కొండ ఎక్కుతూ 3500 దగ్గర ఇరవై మొక్కలు, 4000 దగ్గర ఇరవై, 4500 దగ్గర ఇరవై తీస్తే అరవై అయ్యాయి, చాలా అనిపిస్తుంది. ఎత్తు గురించి మాట్లాడటానికి నీ దగ్గరున్నది ఒక్క కొండే. ఆ 4000 దగ్గర ఏదో గొర్రెల మంద పడుకునే చోటు అయి ఉండొచ్చు, పేడతో భాస్వరం ఎక్కువై ఫంగస్ తగ్గి ఉండొచ్చు. నేనైతే నాలుగు వేరువేరు లోయల్లో నాలుగు వాలులు తీసుకుంటాను, ఒక్కో వాలు మీద మూడు ఎత్తులు, ఒక్కో ఎత్తున ఒకే జాతి మొక్కలు అయిదు. అవీ అరవయ్యే. పని అంతే, పెట్రోలు మాత్రం ఎక్కువ. కానీ ఇప్పుడు ఎత్తు గురించి నాలుగు సాక్ష్యాలున్నాయి. డబ్బు తక్కువైతే మొక్కలు తగ్గించు, వాలులు తగ్గించకు. వాలు ఏ దిక్కుకి ఉందో తప్పక రాయి. దక్షిణం వైపు వాలు ఎండకి తొందరగా ఎండుతుంది, ఉత్తరం వైపు మంచు నిలుస్తుంది. రెండూ కలిపేస్తే ఎత్తు తేడా ఏదో దిక్కు తేడా ఏదో తెలియదు.

ఎత్తు పెరిగితే కష్టం పెరుగుతుంది, రకాలు తగ్గుతాయి అని గీత గీసినట్టు ఊహించుకుని వెళ్ళకు. పొడి కొండల్లో కింద దాహం, పైన చలి. పైకి పోయేకొద్దీ మంచు వల్ల తడి కాస్త పెరుగుతుంది. మధ్యలో ఎక్కడో రెండూ ఓర్చుకోగలిగే చోటు ఉండొచ్చు. మూడు ఎత్తులు కనీసం కావాలని అందుకే అన్నాను, రెండు చుక్కలతో గీసేది ఎప్పుడూ తిన్నని గీతే అవుతుంది.

ఇంకో సంగతి. అలాంటి నేలల్లో తుప్ప కింద ఒక లోకం, తుప్పకీ తుప్పకీ మధ్య బోసి నేల ఇంకో లోకం. గాలికి కొట్టుకొచ్చిన సన్నమట్టి, రాలిన ఆకు, గొర్రెల పెంటికలు అన్నీ తుప్ప మొదట్లో ఆగుతాయి. తడి కూడా అక్కడే కాసేపు నిలుస్తుంది. రెండు చోట్లా మట్టి తీయి, రెండు సంచుల్లో పెట్టు. మన గరువుల్లో జీడిచెట్టు కింద, చెట్ల మధ్య తీసి ఇప్పుడే సాధన చెయ్యి. పక్కపక్కనే పది అడుగుల దూరంలో ఎంత తేడా ఉంటుందో నీ కంటికే తెలుస్తుంది. మట్టితో పాటు పీహెచ్, లవణం, సేంద్రియ కర్బనం, లభ్య భాస్వరం చేయించాలి. భాస్వరానికి లద్దాఖ్ మట్టికి ఓల్సెన్ పద్ధతి, మన ఆమ్ల ఎర్రమట్టికి బ్రే పద్ధతి. పద్ధతి మారితే ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

రెండో వల స్పోర్లు. దీనికి 1963 నాటి గెర్డెమాన్, నికల్సన్ పద్ధతే ఇప్పటికీ. యాభై గ్రాముల మట్టి లీటరు నీళ్ళలో బాగా కలిపి, ఇసుక అడుగుకి దిగేంతసేపు, అంటే ఓ అరనిమిషం లోపే ఆగి, పైనీళ్ళని జల్లెడల వరుస మీద పోస్తాం. పెద్ద కన్ను పైన, 45 మైక్రాన్లది అన్నిటికంటే కింద. కిందవాటిలో మిగిలినదాన్ని చక్కెర పానకంలో సెంట్రిఫ్యూజ్ తిప్పితే స్పోర్లు తేలతాయి, వెంటనే కడిగెయ్యాలి, లేకపోతే పానకంలో ముడుచుకుపోతాయి. పెట్రి డిష్‌లో పెట్టి చూస్తే పసుపు, తేనెరంగు, తెలుపు, నలుపు ముత్యాల్లా ఉంటాయి. మొదటిరోజు ప్రతి గుండ్రటిదీ స్పోరే అనిపిస్తుంది. సూదితో మెల్లగా నొక్కు. ఇసుకరేణువు కదలదు, పురుగు గుడ్డు చితికి పలచగా కారుతుంది, బతికున్న స్పోరు టప్పున పగిలి నూనెబొట్లు వదులుతుంది. లోపల ఏమీ లేక డొల్లగా ఉంటే అది చచ్చింది. ఎండునేలల్లో డొల్లలు చాలా ఉంటాయి, వాటిని లెక్కలో కలిపితే నీ అంకె ఉబ్బిపోతుంది.

స్పోరు చూసి జాతి పేరు పెట్టటం మాత్రం ఏళ్ళు పట్టే విద్య. నువ్వు మూడేళ్ళ ఫెలోషిప్‌లో అకాలోస్పోరా, గైగాస్పోరా, గ్లోమస్ లాంటి ప్రజాతుల దాకా నమ్మకంగా వెళ్తే చాలు. పేర్లు కూడా మారాయి. పాత థీసిస్‌లో గ్లోమస్ మోసే అని ఉన్నది ఇప్పుడు ఫన్నెలిఫార్మిస్ మోసే. పాత జాబితా, కొత్త జాబితా పక్కన పెట్టుకుని ఒకే ఫంగస్‌ని రెండుగా లెక్కపెట్టినవాళ్ళని చూశాను.

స్పోర్లలో అసలు చిక్కు వేరే ఉంది. వేరులో హాయిగా ఉన్న ఫంగస్ స్పోరు పెట్టాలని ఎక్కడా లేదు. ఎడారుల్లో మరీనూ. 1996లో స్టట్జ్, మోర్టన్ అనే ఇద్దరు ఎడారి మట్టి తెచ్చి కుండీల్లో పోసి మొక్కలు పెంచారు. ఆ కుండీల మట్టితో మళ్ళీ కుండీలు వేశారు, అలా వరుసగా. మొదటి విడతలో అసలు కనబడని జాతులు రెండో విడతలో, మూడో విడతలో పైకి వచ్చాయి. అంటే మొదట్లోనే ఆగిపోయి ఉంటే "ఎడారిలో వైవిధ్యం తక్కువ" అని రాసేసేవారు. ఇలాంటి కుండీలని ట్రాప్ కల్చర్ అంటారు. లద్దాఖ్ మట్టితో ఇవి వేయాల్సి వస్తే దయచేసి మన ఊరు తెచ్చి వెయ్యకు. మన మే నెల వేడిలో మన వేడికి ఓర్చుకున్న ఫంగస్ మాత్రమే మిగిలి, అదే అక్కడిదని రాస్తావు. లేహ్‌లోనో, చల్లటి గ్రోత్ ఛాంబర్‌లోనో వెయ్యండి.

మూడో వల డీఎన్‌ఏ. చేయించాలా అంటే, ఇప్పుడు వైవిధ్యం అన్న మాట టైటిల్‌లో ఉంటే చేయించక తప్పదు. కానీ వల కన్ను ఇక్కడ కూడా ఉంది, దాన్ని ప్రైమర్ అంటారు, డీఎన్‌ఏలో ఏ భాగాన్ని పట్టుకోవాలో ఎంచే చిన్న ముక్క అది. అన్ని శిలీంధ్రాలకీ కలిపి ఐటీఎస్ అనే డీఎన్‌ఏ ముక్క వాడతారు, డీఎస్ఈలకి అది బాగుంటుంది. ఏఎం ఫంగస్‌కి మాత్రం అది సరిగ్గా పడదు, ఒక్క స్పోరులోనే ఐటీఎస్ రకరకాలుగా ఉంటుంది. ఏఎంకి చిన్న రైబోసోమ్ జన్యువు మీద పనిచేసే ప్రైమర్లు వేరే ఉన్నాయి, ఎస్టోనియా వాళ్ళ మార్‌జామ్ డేటాబేస్‌తో పోల్చుకోవాలి. ల్యాబ్ వాడు "ఐటీఎస్ ఒక్కటి చాలు మేడమ్" అంటే ఊరుకోకు, రెండూ చేయించు. ఒక దాంట్లో లక్ష రీడ్లు, అంటే యంత్రం చదివిన డీఎన్‌ఏ ముక్కలు, వచ్చిన ఫంగస్ నేలలో ఎక్కువుందని కూడా అనుకోకు, డీఎన్‌ఏకి నకళ్ళు తీసే పీసీఆర్‌కి కొన్నంటే ఇష్టం అంతే. మట్టి గానీ వేరు గానీ లేకుండా ఖాళీ ట్యూబు కూడా మొదటి నుంచి చివరిదాకా శాంపిల్‌లాగే నడిపించు. దాంట్లో ఏం వస్తుందో చూస్తే నీకు నిద్ర పట్టదు గానీ, పేపరు నిలబడుతుంది.

కొత్త జాతులు దొరుకుతాయన్న ఆశ గురించి ఒక మాట. 2015లో డేవిసన్, తోటివాళ్ళు ప్రపంచమంతటి నుంచి 1014 వేరు శాంపిల్స్ చూశారు. 247 ఏఎం రకాలు వచ్చాయి, వాటిలో 93 శాతం ఒకటి కంటే ఎక్కువ ఖండాల్లో ఉన్నాయి. లద్దాఖ్‌లో ఉన్నది మీ గరువులోనూ ఉండొచ్చన్నమాట. ఎవరూ చూడనిది పట్టుకోవాలన్న తపనకంటే, ఏది ఎవరితో ఏ చోట కూడుతుందో చూడటమే అక్కడ ఎక్కువ పని.

శాంపిల్ దారిలో పాడవటం గురించి చెప్పకపోతే తప్పవుతుంది. ఒకసారి మే నెలలో ఐసు డబ్బాలో వేళ్ళు పెట్టి ఒక కొరియర్‌లో బయటి ఊరి ల్యాబుకి పంపాను. మూడు రోజులు ఎక్కడో గోడౌన్‌లో ఉండిపోయింది. రిపోర్టు నిండా ఆస్పర్‌జిల్లస్, పెనిసీలియం. నా వేళ్ళ మీద దారిలో పెరిగిన బూజుకి డబ్బు కట్టి సీక్వెన్స్ చేయించుకున్నానన్నమాట. అప్పటి నుంచి ఐసుని నమ్మను. కడిగిన సన్నవేళ్ళని తుడిచి, పలచటి కాగితపు సంచిలో పెట్టి, దాన్ని వేళ్ళ బరువుకి ఇరవై రెట్లు సిలికా జెల్ ఉన్న డబ్బాలో అదే సాయంత్రం పెట్టేస్తాను. రంగు మారే సిలికా కొనుక్కో, మారగానే తీసి కొత్తది వెయ్యి. రంగు వేసి చూడటానికి ఉంచే వేళ్ళు వేరే, అవి సగం ఆల్కహాల్ సగం నీళ్ళలో. ఇక్కడ సీలు వేసి తీసుకెళ్ళిన ప్యాకెట్లన్నీ లేహ్‌లో దిగేసరికి బూరెల్లా ఉబ్బి ఉంటాయి, గాలి పీడనం తక్కువ కదా. రెండు నా బ్యాగులోనే పగిలి సిలికా అంతా బట్టల్లో పడింది. డబ్బా మూత కాస్త వదులుగా పెట్టి, దిగాక బిగించు.

వెళ్ళాక మొదటి రెండు రోజులు కొండెక్కకు, లేహ్‌లోనే పడుకో, నీళ్ళు తాగు. ఇది ఫంగస్ కంటే ముఖ్యం. ఊరి పొలాల దగ్గర తవ్వే ముందు గోబా అని ఊరిపెద్ద ఉంటారు, ఆయన్ని కలిసి చెప్పాలి. హెమిస్ నేషనల్ పార్కు లోపలికైతే అనుమతి కాగితం తప్పనిసరి, అది మీ ప్రాజెక్టువాళ్ళు ముందే తీసుకున్నారో లేదో ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కో. బొరిగె పట్టుకెళ్ళకు, ఆ గులకరాళ్ళకి పిడి ఊడుతుంది. ఉలి, సుత్తి మేలు. శాంపిల్‌కీ శాంపిల్‌కీ మధ్య ఆల్కహాల్‌తో తుడిచి లైటర్‌తో కాల్చటం మరిచిపోకు.

ఇక్కడ ఈ వారమే చేయాల్సింది ఒకటుంది. అయిదారు కుండీలు తీసుకో. ఏటి ఇసుక కడిగి ప్రెషర్ కుక్కర్‌లో ఆవిరి పట్టి చల్లార్చు. మూడొంతుల ఇసుకకి ఒక వంతు మీ కందిచేను మట్టి, సన్నవేళ్ళతో సహా కలిపి పొయ్యి. ఒక కుండీలో మట్టి కలపకుండా ఉత్త ఇసుకే ఉంచు, అది నీ ఖాళీ ట్యూబు. అన్నిటిలో చోడి విత్తు. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం చిరుధాన్యాలకి పేరున్నది, వాళ్ళ వేగవతి రకం విత్తనం దొరికితే అదే వెయ్యి. సూపర్, డీఏపీ ఎరువులు దగ్గరికి రానివ్వకు, భాస్వరం ఎక్కువైతే మొక్కకి ఫంగస్‌తో పనుండదు. నాలుగు నెలలు నీళ్ళు పోసి, చివరి రెండు వారాలు ఆపెయ్. ఎండుతున్నాయని తెలిసి ఫంగస్ స్పోర్లు పెడుతుంది. మే చివర్లో జల్లించి, జనవరిలో చేలో నేరుగా తీసిన స్పోర్లతో పోల్చి చూసుకో. రెండు జాబితాలూ ఒకటి కావు, ఎందుకు కావో నువ్వే రెండు పేజీలు రాసి మీ గైడుకి పంపు. కుండీల కింద నీళ్ళ పళ్ళేలు పెట్టు, లేకపోతే చీమలు ఒక కుండీ మట్టి ఇంకో కుండీకి మోస్తాయి. మీ ఇంట్లో పిల్లి ఉంటే పైన తుమ్మకంప కూడా వెయ్యి, కడిగిన ఇసుక కనిపిస్తే అది ఊరుకోదు. మా పిల్లి రెండు కుండీలు పాడుచేశాక గానీ నాకు తెలియలేదు.